తొమ్మిదో గొలుసు

మాదాపూర్‌లో ఒక భవనం ఏడో అంతస్తులో మా ఆఫీసు. ఉపగ్రహాలు తీసిన ఫొటోల మీద రోడ్లు, ఇళ్లు, చెరువులు గుర్తించి కంప్యూటర్‌లో పటాలు తయారుచేయడం మా పని. అనంతపురం నుంచి వచ్చి ఈ ఉద్యోగంలో చేరి పదకొండేళ్లు దాటింది. అన్నేళ్లలో నేను పని చేసిన పటాల్లో చేత్తో తాకగలిగినది ఒక్కటీ లేదు. అన్నీ తెర మీదే పుట్టి, తెర మీదే మారిపోయేవి.

అందుకే కాగితం మీద చేత్తో గీసిన పాత నక్షలు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పొడుగాటి రేకు గొట్టాల్లో పెట్టి తెచ్చారు. మూత తీస్తే కర్పూరం, బూజు కలిసిన వాసన. ఒక్కో నక్షనూ ఎర్రటి గుడ్డలో చుట్టారు. కాగితం చిరిగిపోకుండా వెనక పలుచటి బట్ట అంటించి ఉంది. ఇప్పుడు మనం ఐటీ కారిడార్ అంటున్న నేలంతా ఒకప్పుడు జొన్నచేలు, సీతాఫలం తుప్పలు, గుండ్రాళ్ల గుట్టలు. ఆ ఊళ్ల నక్షలవి. వాటిని స్కాన్ చేసి, నేటి ఉపగ్రహ ఫొటో మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. ఏ భవనం ఏ చేను మీద నిలబడిందో మౌస్ నొక్కితే కనబడాలి. అదీ సర్కారు భూరికార్డుల శాఖ మాకిచ్చిన కొత్త ప్రాజెక్టు.

మొదటి నక్షను బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు మంచినీళ్ల సీసాలు పెట్టాం. టీమంతా చుట్టూ చేరింది. చేల గట్లు వెంట్రుకంత సన్నటి నల్లగీతలు. ఊరి పొలిమేర ఎర్రగీత. చెరువుకు లేత నీలం పూసి, కట్ట పక్కన కుంచెతో చిన్నచిన్న గీతలు గీశారు. బండ్లబాటకు రెండు వరసల చుక్కలు. తాటిచెట్లను గుర్తులుగా కాకుండా నిజంగా చెట్లలాగే, ఒకటి వంకరగా, ఒకటి నిటారుగా బొమ్మలు వేశారు. చెట్టు వంకరగా ఉంటే నక్షలో కూడా వంకరగా వేయాలని ఎవరూ చెప్పి ఉండరు. చూశాడు కాబట్టి వేశాడు. గీసినవాడి పేరు ఉండాల్సిన మూలను చెదలు తినేశాయి.

నక్షలతోపాటు కట్టలకొద్దీ టిప్పన్లు కూడా వచ్చాయి. టిప్పన్ అంటే పొలంలో నిలబడి కొలుస్తూ సర్వేయరు అక్కడికక్కడే గీసుకున్న చిత్తు బొమ్మ. ప్రతి గీత పక్కనా కొలత ఉంటుంది. ఆ అంకెలు కొన్ని ఉర్దూలో, కొన్ని పాత తెలుగులో ఉన్నాయి. మాలో ఎవరికీ అర్థం కాలేదు. చదివిపెట్టడానికి ఒక రిటైర్డ్ సర్వేయరుగారిని మాట్లాడారు. మంగళ, శుక్రవారాలు వచ్చేవారు.

డెబ్బై దాటిన మనిషి. బక్కపలచగా ఉంటారు. కొత్తగూడలో కూతురింట్లో ఉంటారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్సిళ్లు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. లిఫ్టు ఉన్నా మెట్లెక్కి వచ్చేవారు. మొదటి రోజు నా పక్క కుర్చీలో కూర్చుని, నక్ష మీద వేలు పెట్టకుండా, కాస్త ఎత్తులో వేలు కదిలిస్తూ చాలాసేపు చూశారు.

"ఏంది బిడ్డా, గిది మీరు గా డబ్బాల వెడ్తరా?" అని నా కంప్యూటర్ వైపు చూపించారు.

"అవును సార్. ఫొటో మీద అతికిస్తాము."

"కొలుస్తరా?"

"కొలవాల్సిన పని లేదు సార్. తెలిసిన చోట్లు నాలుగైదు కలిపితే మిగతాదంతా అదే కూర్చుంటుంది."

ఆయన తల ఊపారు. అది ఒప్పుకోవడమో, జాలిపడటమో అప్పుడు నాకు తెలియలేదు.

టిప్పన్ చదవడం ఆయనే నేర్పించారు. ఇటువైపు సర్వేయర్ల గొలుసు ముప్పైమూడు అడుగులు. దాన్ని పదహారు భాగాలు చేస్తే ఒక్కో భాగం అణా. టిప్పన్ మీద తొమ్మిది, ఆరు అని ఉంటే తొమ్మిది గొలుసులు ఆరు అణాలన్నమాట. గొలుసు ముందు కొస ఒకరు, వెనక కొస ఒకరు పట్టుకుంటారు. ముందున్నవాడి చేతిలో పది ఇనుప పుల్లలు ఉంటాయి. గొలుసు బిగువుగా లాగిన చోట ఒక పుల్ల గుచ్చి ముందుకు సాగుతాడు. వెనకవాడు అక్కడిదాకా వచ్చి ఆ పుల్ల పీక్కుంటాడు. చివరికి వెనకవాడి చేతిలో ఎన్ని పుల్లలుంటే అన్ని గొలుసులు నడిచినట్టు.

"లెక్క నోట్ల ఉండొద్దు, చేతుల ఉండాలె," అనేవారు. "ఎండల నడుస్తుంటే నోరు తప్పు చెప్తది. పుల్ల చెప్పదు."

మధ్యాహ్నం ఆయన డబ్బాలో జొన్నరొట్టె, నా డబ్బాలో చిత్రాన్నం. పంచుకుని తినేవాళ్లం. తింటూ ఆయన నడిచిన ఊళ్ల సంగతులు చెప్పేవారు. కొలవడానికి వచ్చిన వాళ్లను ఎవరూ నమ్మేవారు కాదట. గొలుసు పరిస్తే చాలు, గట్టు అటు జరుగుతుందో ఇటు జరుగుతుందోనని ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడేవారట. ఒక ముసలావిడ ఆయన వెనకాలే చేను చుట్టూ నడిచి, చివర్లో, "నా భూమి గా కాయితంల పడ్తదా కొడుకా?" అని అడిగిందట.

ఆ నక్షల వరసలో ఒక ఊరి దగ్గర నాకు చిక్కొచ్చి పడింది. కోకాపేట దాటాక, ఔటర్ రింగ్ రోడ్డుకు ఇవతల ఉండేది ఆ ఊరు. ఇప్పుడు ఊరు లేదు, పేరు మాత్రం ఒక బస్టాపుకు మిగిలింది. ఆ ఊరికి రెండు నక్షలున్నాయి. ఒకటి బాగా పాతది, బట్ట అంటించినది. రెండోది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు మళ్లీ కొలిచి గీసినది. ఇప్పుడు రికార్డుల్లో చెల్లేది రెండోదే. పాత నక్షను ఉపగ్రహ ఫొటో మీద పెట్టగానే అతికినట్టు కూర్చుంది. రెండోది కూడా అంతటా బాగానే ఉంది, ఒక్క పడమటి అంచున తప్ప. అక్కడ ఒక పట్టా చేను ముగిసి, సర్కారు గుట్ట మొదలవుతుంది. పాత నక్షలో ఆ హద్దు ఒక పెద్ద రాతిగుండు దగ్గర ఉంది. ఫొటోలో ఆ గుండు అదే చోట స్పష్టంగా కనబడుతోంది. రెండో నక్షలో మాత్రం హద్దు దానికి పది మీటర్లు ఇవతలే ఆగిపోయింది.

మా టీమ్ లీడ్‌కు చూపించాను. గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు.

"పాతది కదండీ మేడమ్, అంత ఖచ్చితంగా ఎక్కడ ఉంటుంది? రికార్డు రెండోదే కాబట్టి పాతదాన్ని దాని మీదికి లాగేయండి. ఈ ఊరు ఈ వారం ఇచ్చేయాలి."

లాగడం మా పనిలో రోజూ ఉండేదే. కంప్యూటర్‌లో నక్షను రబ్బరు ముక్కలాగా సాగదీయొచ్చు. రెండు చోట్ల నొక్కి పాత హద్దును ఇవతలికి జరిపాను. గుండు బొమ్మ కాస్త నలిగి పక్కకు వాలింది. పచ్చటి టిక్కు వచ్చింది. లాగుతున్నప్పుడు ఆ గీత గీసినవాడు నా చెయ్యి చూస్తున్నట్టు అనిపించింది. కానీ పని ముగించి ఇంటికి వెళ్లిపోయాను.

శుక్రవారం సార్ వచ్చినప్పుడు ఆ ఊరి టిప్పన్ల కట్ట విప్పారు. రెండోసారి కొలిచినప్పటివి. నా తెర మీద అదే ఊరు తెరిచి ఉంది. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని తెర వైపు వంగారు.

"గిదేంది బిడ్డా? గుండును గిట్లెందుకు గుంజినవ్?"

జరిగింది చెప్పాను.

"ఎంత తేడా వచ్చిందంటివి?"

"పది మీటర్లు సార్."

"అడుగులల్ల చెప్పు."

లెక్క కట్టాను. "ముప్పైమూడు సార్."

చెప్పగానే నాకే వెలిగింది, సరిగ్గా ఒక గొలుసు. ఆయన కట్టలోంచి ఒక టిప్పన్ తీసి నా ముందు పెట్టారు. గుండు దాకా గీత, దాని పక్కన ఎనిమిది, ఆరు. కింద పెన్సిలుతో చేసిన సంతకం. నెలరోజులుగా హాజరు పుస్తకంలో చూస్తున్న సంతకమే అది, కాకపోతే అప్పుడు ఇంకా గుండ్రంగా ఉంది.

"నేనే," అన్నారు. "అప్పటికి నౌకరీల చేరి రెండేండ్లు కాలే."

నీళ్లు తాగి, టిప్పన్ మీది నుంచి చూపు తిప్పకుండా చెప్పుకొచ్చారు. ఆ రోజు గొలుసు పట్టే ఇద్దరిలో ఒకాయన రాలేదట. అందుకని ముందు కొస సారే పట్టుకున్నారు. వెనక కొస పట్టినాయన వయసులో చాలా పెద్దవాడు, సార్‌కు పని నేర్పినవాడు. పడమటి గీత కొలుస్తూ గుండు దాకా వెళ్లారు. చివరి ఆరు అణాలు కూడా చూసుకున్నారు. అంతకుముందెప్పుడో కొలిచినవాళ్లు హద్దు తెలియడానికి గుండు మీద కూడిక గుర్తు చెక్కి ఉంటారు, నాచు గీకి చూద్దామని ఆ పెద్దాయన పైకెక్కాడు. కాలు జారింది. కింద ముళ్లకంప మీద పడ్డాడు. ఎడమకాలు మోకాలి కింద విరిగింది.

"నా చేతిల మిగిలిన పుల్లలు ఆడ్నే పారేసి ఉరికిన. ఆయన చేతిలవి కంపల చెదిరిపోయినయి. అంత నొప్పిల గూడ నా చెయ్యి పట్టుకొని, 'తొమ్మిది సారూ, తొమ్మిది, రాసుకోండ్రి' అంటున్నడు. నేను ఏడ రాస్త? దవాఖానకు తీస్కపోయినం."

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక్కరే వెళ్లి పుల్లలు వెతికారు. పెద్దాయన పడ్డచోట ఎనిమిది దొరికాయి. తాను పారేసిన చోట ఒకటి దొరికింది. మొత్తం పదిలో ఒకటి తక్కువ.

"పోయిన పుల్ల నాదే అనుకున్న. నావి రెండు, ఆయనవి ఎనిమిది. ఆయన తొమ్మిదన్నది నొప్పి మీద అన్నడనుకున్న. మళ్ల కొలుద్దామంటే గొలుసు పట్టే మనిషి లేడు. పైనుంచి జల్ది పంపుమని ఒకటే తొందర. ఎనిమిది రాసిన."

"అవతలి వైపు నుంచి కూడా కొలిచి ఎవరూ సరిచూడలేదా సార్?"

"అవతల సర్కారు గుట్ట. గుండ్లను ఎవడు కొలుస్తడు? ఇగ గంతే. ఎవ్వరూ అడగలే." టిప్పన్ తీసి కట్టలో పెడుతూ, "ఆయనకు కాలు వంకరగ అతికింది. పొలాలు తిరిగే పని పోయి, మా ఆఫీసులనే అటెండరు పని ఇచ్చిండ్రు. రిటైరయ్యేదాంక రోజూ ఎదురుపడ్డడు. నేను ఆ ముచ్చట తియ్యలే, ఆయన తియ్యలే" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు తెరవలేదు. కాసేపటికి, "ఆ చేను ఇప్పుడు ఎవరి చేతిల ఉందో చూస్తవా?" అని అడిగారు. ఫొటో పెద్దది చేసి చూశాను. చేనులో సగం రోడ్డు కిందికి పోయింది. మిగిలిన ముక్కలో వరసలుగా ఆకుపచ్చటి చుక్కలు, ఒక రేకుల షెడ్డు. మొక్కల నర్సరీ. దాని పడమటి పక్క, ఒకప్పటి సర్కారు గుట్ట ఇప్పుడు భవనాలు కట్టే ఒక కంపెనీ చేతిలో ఉంది. అక్కడ గోడకు గుంతలు తవ్వుతున్నట్టు నేల ఎర్రగా కనిపించింది. ఆ గోడ రెండో నక్ష చెప్పిన చోట లేవబోతోంది. మేమిచ్చే పటం కూడా అదే చెప్పబోతోంది. తెలియకుండానే, ఆయన పొరపాటును కప్పేసేలా నేను పాత నక్షను కూడా వంచేశాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆయన్ను కొత్తగూడలో కారెక్కించుకుని ఆ చేను వైపు బయల్దేరాను. ఫ్లైఓవర్ కింద పాలబండ్లు, ఇడ్లీ బండ్లు తప్ప రద్దీ లేదు. ఆయన ఒళ్లో కొత్త టేపు ఉంది. హార్డ్‌వేర్ షాపులో కొన్నారట, నూరడుగులది.

"గొలుసు ఇప్పుడు ఏడ దొరుకుతది? దీని మీదనే ముప్పైమూడు కాడ గుర్తు పెట్టిన," అని చూపించారు. ఎర్రదారం కట్టి ఉంది.

నర్సరీ యజమానురాలు అరవై ఏళ్ల మనిషి. పైపుతో మొక్కలకు నీళ్లు పడుతోంది. మమ్మల్ని చూసి కొనడానికి వచ్చామనుకుంది.

"ఏం కావాలె? గులాబీలు మొన్ననే వచ్చినయి."

సార్ తానెవరో చెప్పారు. నౌకరీలో చేరిన కొత్తలో ఈ చేను కొలిచానని, కొలతలో అనుమానం ఉందని, మళ్లీ ఒకసారి కొలుచుకుంటానని, ఇది సర్కారు కొలత కాదని, తన కోసమేనని, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. ఆమె పైపు కింద పెట్టి ఆయన్ను ఎగాదిగా చూసింది.

"అప్పుడు నేను ఈ ఇంటికి కోడలుగ రాలే సారూ. మా మామ అంటుండె, గుండు దాంక మనదేనని. కాయితం తీస్తే గుండు దాంక లేదు. ఇగ కాయితం ముందల మాటేం నిలుస్తది? ఊకున్నం."

"కాయితం రాసింది నేనే చెల్లె," అన్నారు సార్.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "కొలవండ్రి మరి," అంది.

తూర్పు మూలన పాత హద్దురాయి ఇంకా ఉంది. బంతిమొక్కల కుండీల వెనక నేలలో సగం కూరుకుపోయి, పైన పసుపు పూసి ఉంది. ఇనుప పుల్లలకు బదులు, మొక్కలకు ఆసరాగా గుచ్చే వెదురు పుల్లలు పది ఇచ్చింది ఆమె. సార్ ముందు కొస పట్టుకున్నారు. నేను వెనక కొస పట్టుకున్నాను.

"మాట్లాడకు. లెక్కపెట్టకు. పుల్ల పీకుడు, చేతిల పెట్టుకునుడు, గంతే," అన్నారు.

కుండీల మధ్య సందుల్లోంచి, ఎరువు బస్తాల మీదుగా, షెడ్డు పక్క నుంచి సాగాం. టేపు ఎక్కడా వంగకుండా ఉండాలని, నర్సరీ ఆమె అడ్డొచ్చిన కుండీలను తనే పక్కకు జరిపింది. ప్రతిసారీ సార్ ఒక కాలు మడిచి కూర్చుని, టేపు బిగించి, పుల్ల గుచ్చి, లేవడానికి మోకాలు పట్టుకునేవారు. నేను చెయ్యి అందించబోతే వద్దన్నారు. మీద పడే ఎండలో తల వంచుకుని, నేల మీద గీత ఒక్కటే చూస్తూ నడవడం నాకు కొత్త. పదకొండేళ్లుగా నేలను పైనుంచే చూశాను. కింద రాయి ఎక్కడ కాలికి తగులుతుందో, ఎక్కడ మెత్తగా కుంగుతుందో తెలియకుండానే వేల ఎకరాలు గీసేశాను.

కంపెనీవాళ్ల తాత్కాలిక కంచె దగ్గర సెక్యూరిటీ గార్డు ఆపాడు. సార్ అతనితో ఉర్దూలో రెండు మాటలు మాట్లాడారు. అతను నవ్వి, తీగ ఎత్తి పట్టుకున్నాడు. కంచె దాటి, తవ్విన గుంత పక్క నుంచి వెళ్లి గుండు దగ్గర ఆగాం. రెండు నిలువుల ఎత్తు. దాని నీడలో రెండు మేకలు పడుకుని ఉన్నాయి. చివరి ముక్క కొలిచాం. పన్నెండడుగుల చిల్లర, అంటే ఆరు అణాలు.

సార్ వెనక్కి తిరగలేదు. గుండు మీద చెయ్యి ఆనించి నిలబడి అడిగారు.

"చేతిల ఎన్నున్నయి బిడ్డా?"

చెయ్యి తెరిచి లెక్కపెట్టాను. రెండోసారి కూడా లెక్కపెట్టాను.

"తొమ్మిది సార్."

ఆయన అక్కడే, మేకల పక్కన, నేల మీద కూర్చున్నారు.  నర్సరీ ఆమె వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగి, "సక్కగ చెప్పిండు. గంత నొప్పిల గూడ సక్కగ చెప్పిండు," అన్నారు. మాతో అన్నట్టు లేదు.

తర్వాత లేచి గుండు చుట్టూ వెతికారు. పైకెక్కే పని లేకపోయింది. ఉత్తరం వైపు, మనిషి భుజమంత ఎత్తులో, నాచు కింద కూడిక గుర్తు దొరికింది. గోరుతో గీకి ఫొటో తీయమన్నారు.

సోమవారం టీమ్ లీడ్ ముందు ఆ ఫొటో, రెండు నక్షలు, టిప్పన్ పెట్టాను. పాత నక్షను నేను లాగిన మాట కూడా చెప్పాను. ఆయన ఫొటో దగ్గరికి జరుపుకుని చూశారు.

"లాగమన్నది నేనేనండి. మీరొక్కరే మోయొద్దు. కానీ మనం హద్దులు తేల్చేవాళ్లం కాదు కదా. ఏం చేద్దామంటారు?"

"పాత నక్ష ఉన్నది ఉన్నట్టే ఉంచుదాం. రెండూ కలవడం లేదని, నేల మీద మళ్లీ కొలవాలని రాసి ఇద్దాం. అంతే కదా మన పని."

"శాఖవాళ్లు వెనక్కి పంపితే?"

"మళ్లీ అదే రాద్దాం."

నవ్వి, ఆ వాక్యం ఆయనే నాకంటే బాగా రాశారు. గడువు దాటినందుకు పైవాళ్లతో ఫోన్‌లో మాటలు పడుతుంటే అద్దాల గది బయటి నుంచి చూశాను. నా పేరు ఎక్కడా చెప్పలేదని తర్వాత తెలిసింది.

సార్ కూడా తన వంతుగా ఒక కాగితం రాశారు. ఫలానా కొలత నేను పూర్తిగా సరిచూసుకోకుండా రాశాను, అందులో ఒక గొలుసు తక్కువ పడింది అని. దాన్ని పట్టుకుని ఆయన, నర్సరీ ఆమె కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒకసారి నేను కూడా వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు కాగితం చదివి, "ఇన్నేళ్ల తర్వాత ఎందుకు సార్ పరేషాన్, మీకే ఇబ్బంది కదా," అన్నాడు. "ఇబ్బంది నాది గదా, నేను పడ్త. నువ్వు తీస్కొని నంబరు వెయ్యి," అన్నారు సార్.

ఎనిమిది నెలలు పట్టింది. చివరికి సర్కారు సర్వేయరమ్మ ఉపగ్రహాలతో మాట్లాడే యంత్రం తెచ్చి కొలిచింది. సార్ కొలతకు, ఆ యంత్రం కొలతకు జానెడు కూడా తేడా రాలేదు. కంపెనీ వాళ్లు కొంత వాదించారు. కానీ గుర్తు చెక్కిన రాయి ఎదురుగా ఉంది. అప్పటికే పోసిన పునాదిలో ఒక ముక్క తీసేసి, గోడను గుండు అవతలికి జరిపారు. గుండును పగలగొట్టాలని వాళ్ల ప్లాన్‌లో ఉండేదట. హద్దు గుర్తు కావడంతో దాని జోలికి వెళ్లలేదు. నర్సరీ ఆమెకు ముప్పైమూడు అడుగుల వెడల్పున నేల తిరిగి వచ్చింది. మా మామ ఉంటే బాగుండేదని ఒకసారి అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సార్‌కు ఇంకో పని మిగిలిపోయింది. ఆనాడు వెనక కొస పట్టిన పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన కూతురు జీడిమెట్లలో ఉంటుంది. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి మానేసింది. ఒక ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు.  వాళ్లింట్లో కుర్చీ అంచున కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా తాకకుండా, మొదటి నుంచి చెప్పారు. పుల్లలు, ఎనిమిది, ఆరు, సంతకం, అన్నీ.

"మీ నాయన చెప్పింది నిజం బిడ్డా. నేను నమ్మలే. గది నీకు చెప్పి పోదామని వచ్చిన."

ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"మా నాయన గా లెక్క ముచ్చట ఎన్నడు చెప్పలే సారూ. ఆ దినం గురించి చెప్తే ఒక్కటే చెప్పేటోడు. బండి దొరక్కపోతే సారు నన్ను ఈపు మీద ఏసుకొని గుట్ట కాడ్నుంచి సడక్ దాంక మోసిండని. గాయింత బక్క పోరడు ఎట్ల మోసిండో అని నవ్వుతుండె. నా పెండ్లిల గూడ అందరికి గదే చెప్పిండు."

సార్ నాకు ఆ సంగతి చెప్పలేదు. దవాఖానకు తీసుకెళ్లామని మాత్రమే అన్నారు. ఆయన చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశారు. కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీసి, చాలాసేపు అద్దాలు తుడిచారు.

నేను ఫోన్‌లో ఆ చోటు తెరిచి ఆమెకు చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి, "ఏడ పడ్డడు?" అని అడిగింది. సార్ చూపించారు.

"ఇప్పుడు ఆడ ఏమున్నది?"

"మొక్కలున్నయి బిడ్డా. గులాబీలు, బంతి."

ఆమె ఫోన్ నాకిచ్చి, "బియ్యం పెట్టిన, తిని పోండ్రి," అని వంటింట్లోకి వెళ్లింది. మేం కాదనలేదు. చింతకాయ తొక్కు, పప్పుచారు, వేడన్నం. సార్ రెండోసారి అడిగి వడ్డించుకున్నారు.